ఆప్షన్లు, ఓటీపీలు, ఆధార్ చిక్కులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

పది, ఇంటర్, డిగ్రీ ముగించిన పిల్లలున్న ఇళ్ల నుంచి ఈసారి ఉత్తరాలు ఎక్కువే వచ్చాయి. ఏ కోర్సు మంచిదని అడిగినవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లందరి అవస్థా ఫోన్‌తోనే: ఏ యాప్‌ను నమ్మాలి, ఏ బటన్ నొక్కాలి, నొక్కాక వెనక్కి రావచ్చా. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులు ఇస్తున్నాం.

*

ప్రశ్న: మా వాడికి ఈఏపీసెట్‌లో 46 వేల ర్యాంకు వచ్చింది. తిరుపతి దగ్గరి ఒక పెద్ద కాలేజీలో కంప్యూటర్ సైన్స్ ఖాయమని ఒక యాప్ అంటోంది. ఇంకో యాప్ రాదంటోంది. నెట్ సెంటర్ అబ్బాయేమో ‘ఓటీపీ చెప్పండి సార్, ఆప్షన్లు నేను పెట్టేస్తా’ అంటున్నాడు. ఇచ్చేయమంటారా?
(చంద్రగిరి నుంచి ఒక తండ్రి)

జవాబు: ఓటీపీ ఇవ్వకండి. నెట్ సెంటర్‌కు ప్రింటు కోసం వెళ్లండి, మంచి నెట్ కోసం వెళ్లండి, కానీ ఆప్షన్లు, అంటే కోరుకునే కాలేజీలు, బ్రాంచిల జాబితా, పెట్టేటప్పుడు కీబోర్డు ముందు మీ అబ్బాయే కూర్చోవాలి. మనిషి చెడ్డవాడని కాదు. ఆ నాలుగు రోజుల్లో అతని దగ్గర వందమంది పిల్లల పని ఉంటుంది. ఒకరికి పెట్టిన జాబితానే కాస్త అటూ ఇటూ మార్చి ఇంకొకరికి పెట్టేస్తే పని త్వరగా తెములుతుంది. పిల్లల్ని చేర్పిస్తే కమీషన్ ఇచ్చే కాలేజీలూ ఉంటాయి. దరఖాస్తులో సెంటరువాళ్ల ఫోన్ నంబరే ఉందేమో ఇవాళే చూసుకోండి. ఉంటే ఓటీపీలన్నీ వాళ్లకే పోతాయి. నంబరు మార్పించడానికి హాల్ టికెట్, ఆధార్ తీసుకుని హెల్ప్‌లైన్ కేంద్రానికి వెళ్లండి.

ఇక యాప్‌ల సంగతి. రెండు యాప్‌లు రెండు మాటలు చెప్పడంలో వింతేమీ లేదు. ర్యాంకు ఒక్కటే అడిగి జవాబు చెప్పే యాప్‌కు అసలు లెక్కే తెలియదు. సీటు ర్యాంకుతో పాటు కేటగిరీ, అమ్మాయా అబ్బాయా, ఏ ప్రాంతం స్థానికత అన్నవాటి మీద కూడా తేలుతుంది. ఒకే కాలేజీ, ఒకే బ్రాంచి అయినా ఓసీ అబ్బాయిలకు ఒక దగ్గర ఆగిన ర్యాంకు ఎస్సీ అమ్మాయిలకు ఎంతో దూరం వెళ్తుంది. ఈ మూడూ అడగని యాప్‌ను అక్కడే మూసేయండి. అడిగినా, అది చూపే అంకె ఏ సంవత్సరానిది, సీట్ల కేటాయింపులో ఏ విడతది అన్నది కనబడాలి. అన్నిటికంటే నమ్మదగినది ఉన్నత విద్యామండలి వెబ్‌సైట్‌లో పెట్టే గత ఏడాది చివరి ర్యాంకుల పట్టిక. యాప్‌లన్నీ నీళ్లు తోడుకునేది ఆ బావిలోనే.

స్థానికత గురించి సరిహద్దు ఊళ్లవాళ్లు ఇంకో మాట గుర్తుపెట్టుకోవాలి. ఉమ్మడి చిత్తూరు, కడప, అనంతపురం, కర్నూలు, నెల్లూరు జిల్లాలు ఎస్వీ యూనివర్సిటీ ప్రాంతం కిందికి వస్తాయి. సీట్లలో 85 శాతం స్థానికులకే. అందుకే ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. ఇంటర్ రెండేళ్లూ వేలూరులోనో బెంగళూరులోనో చదివించి ఉంటే పిల్లవాడు ఆ 85 శాతంలోకి రాకపోవచ్చు. మిగిలిన 15 శాతానికి పోటీ పడాలంటే తల్లిదండ్రుల నివాస ధ్రువపత్రం కావాలి. ఇది సర్టిఫికెట్ల పరిశీలన రోజు తెలిస్తే చేతిలో సమయం ఉండదు. ముందే కనుక్కోండి.

ఇప్పుడు జాబితా. వెబ్‌సైట్ తెరవడానికి ముందే ఒక పొడుగు నోటుబుక్కులో అయిదు గళ్లు గీయండి. కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్, గత ఏడాది మీ కేటగిరీలో ఆగిన ర్యాంకు, ఏడాది ఫీజు, ఇంటి నుంచి బస్సు ప్రయాణం. కాలేజీ పేరు రాయకుండా కోడ్ ఎందుకంటే, మన వైపు శ్రీ వేంకటేశ్వర పేరుతో మొదలయ్యే కాలేజీలు తిరుపతిలోనూ ఉన్నాయి, చిత్తూరులోనూ ఉన్నాయి. యూనివర్సిటీదీ అదే పేరు, ప్రైవేటువాళ్లదీ అదే పేరు. పేరు చూసి టిక్ పెట్టినవాళ్లు సీటు వచ్చాక ‘ఇది మేమనుకున్నది కాదే’ అని తలపట్టుకుంటారు. బ్రాంచిల దగ్గరా ఇదే తంటా. సీఎస్‌ఈ వేరు, సీఎస్‌ఎం అంటే ఏఐ, మెషిన్ లెర్నింగ్, సీఎస్‌డీ అంటే డేటా సైన్స్. ఒక్కొక్కటీ విడి ఆప్షనే. సీఎస్‌ఈ ఒక్కటి పెడితే మిగతావి కలిసి రావు.

వరుస మాత్రం ఇష్టం ప్రకారమే ఉండాలి. చాలామంది తలకిందులు చేసేది ఇక్కడే. ‘తప్పకుండా వచ్చేది మొదట పెడదాం, లేకపోతే అదీ పోతుంది’ అనుకుంటారు. కంప్యూటర్ అట్లా చూడదు. మీ ర్యాంకు వంతు వచ్చినప్పుడు జాబితాను పైనుంచి కిందికి చదువుతుంది, ఖాళీ ఉన్న మొదటి ఆప్షన్ దగ్గర ఆగిపోతుంది. పైన పెట్టిన పది కాలేజీలూ దొరకకపోయినా పదకొండోదానికి మీ హక్కు ఇసుమంతైనా తగ్గదు. తప్పకుండా వచ్చేది మొదట పెడితే మాత్రం కంప్యూటర్ అక్కడే ఆగుతుంది, కింద ఉన్న మంచివాటి ముఖం కూడా చూడదు. మీ ర్యాంకుకు గత ఏడాది అందనివి పైన కొన్ని, అటూ ఇటూగా ఉన్నవి మధ్యలో ఎక్కువ, తేలిగ్గా వచ్చేవి చివర్లో కొన్ని ఉండేలా చూడండి. పది, పన్నెండుతో ఆపేయకండి. అయితే సీటు వచ్చినా చేరబోమని ఇంట్లో అందరికీ తెలిసిన కాలేజీని సంఖ్య కోసం పెట్టొద్దు.

రెండో విడతలో ఇంకో గుంత ఉంది. అందులో కొత్త సీటు వస్తే మొదటి విడత సీటు దానంతటదే రద్దయి వేరేవాళ్లకు పోతుంది. ‘ఊరికే చూద్దాం’ అని ఆప్షన్లు పెట్టేది కాదది. చేతిలో ఉన్నదానికంటే నిజంగా మేలనుకున్నవే పెట్టాలి, లేదంటే ఊరుకోవాలి.

పని ముగిశాక సేవ్ చేసిన ఆప్షన్ల పీడీఎఫ్ దించుకుని నోటుబుక్కు పక్కన పెట్టి కోడ్ కోడ్‌కూ పోల్చండి. ఒకరు చదవాలి, ఒకరు టిక్ పెట్టాలి. ఫోన్లో చేస్తుంటే బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ సైట్ ఎంచుకోండి, లేకపోతే వరుస మార్చే బటన్లు తెర బయటికి పోతాయి. పేజీని తెలుగులోకి మార్చే అనువాదం ఆపేసి ఉంచండి. సూచనలు చదువుకోవడానికి అది పనికొస్తుంది, ఫారం నింపేటప్పుడు కోడ్‌లను, ఊరి పేర్లను కూడా అనువదించి గందరగోళం చేస్తుంది. నెట్ సెంటర్‌లో అయితే లాగౌట్ చేసి, డౌన్‌లోడ్స్‌లో పడిన మీ కాగితాలు చెరిపి లేవండి. ‘పాస్‌వర్డ్ గుర్తుంచుకోవాలా’ అని బ్రౌజర్ అడిగితే వద్దనండి.

*

ప్రశ్న: మా పాప పది రాసింది. వేలిముద్రలు తీసుకుని మెదడు ఎట్లా పనిచేస్తుందో చెప్తామని, దాన్నిబట్టి గ్రూపు ఎంచుకోవచ్చని ఒకాయన ఇంటికొచ్చాడు. 6,000 రూపాయలంట. ట్యాబ్‌లో నివేదిక కూడా చూపించాడు, రంగురంగులుగా బాగుంది. చేయించమంటారా?
(పలమనేరు నుంచి ఒక తల్లి)

జవాబు: వద్దమ్మా. వేలి గీతలకూ తెలివికీ, చదువు మీది ఆసక్తికీ సంబంధం ఉందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. అరచేయి జోస్యానికి ట్యాబ్ తగిలించినట్టు, అంతే. ఆ 6,000తో ఇంటర్ పుస్తకాలు కొనొచ్చు.

నిజంగా పనికొచ్చే పరీక్షలు రెండు రకాలు. ఒకటి ఆసక్తిని చూసేది. జాన్ హాలండ్ అనే మనస్తత్వవేత్త ఆరు రకాల ఆసక్తులుగా చేసిన విభజన మీద నడిచేవే ఎక్కువ: చేతిపని, పరిశోధన, కళ, సేవ, వ్యాపారం, లెక్కాపత్రం. అమెరికా కార్మిక శాఖ ఓ-నెట్ పేరుతో ఉచితంగా పెట్టిన దాంట్లో 60 ప్రశ్నలుంటాయి. ‘వంటగదికి అల్మరాలు చేయడం ఇష్టమా’ లాంటివి. తెలుగులో ఉండదు కాబట్టి పక్కన ఒకరు కూర్చుని తెలుగులో చెప్పాలి. ‘అట్లాంటి పని చేస్తే బాగా జీతం వస్తుందా’ అని పాప ఆలోచించకూడదు, ఇష్టమా కాదా అంతే. అది చివర్లో చూపే ఉద్యోగాల పట్టిక అమెరికాది, దాన్ని వదిలేయండి. ఆరింటిలో ఏ రెండు మూడు పైకి వచ్చాయో అదే రాసుకోండి. రెండో రకం సామర్థ్యాన్ని చూసేది. సీబీఎస్ఈ, ఎన్‌సీఈఆర్‌టీ కలిసి 2019లో ‘తమన్నా’ అనే పరీక్ష తెచ్చాయి, 9, 10 తరగతుల వాళ్ల కోసం. ఏ పరీక్షయినా పాప దేనివైపు మొగ్గుతుందో చెబుతుంది. ఎంపీసీ తీసుకో, బైపీసీ తీసుకో అని తీర్పు చెప్పేదైతే అనుమానించండి.

ఇంతకంటే సూటిగా తేల్చే పద్ధతి ఖర్చు లేనిది. ఇంటర్ మొదటి ఏడాది పుస్తకాలు తెలిసినవాళ్ల దగ్గర తెచ్చి రెండు వారాలు ఇవ్వండి. మ్యాథ్స్‌లో మొదటి అధ్యాయం, బయాలజీలో ఒకటి, కామర్స్‌లో ఒకటి. దీక్ష యాప్‌లోనో యూట్యూబ్‌లోనో ఆ పాఠం ఒకసారి వినమనండి, తర్వాత చివరి లెక్కలు సొంతంగా చేయమనండి. ఏ పుస్తకం మీరు చెప్పకుండానే మళ్లీ తెరిచిందో గమనించండి. మార్కులు తర్వాత సంగతి.

ఇంటర్ ఒక్కటే దారి కాదు కూడా. పాలిటెక్నిక్‌లో చేరడానికి రాసే పాలీసెట్ 120 మార్కుల పరీక్ష: మ్యాథ్స్ 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30, పది స్థాయిలోనే. మూడేళ్ల డిప్లొమా తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. పదిలో మంచి మార్కులుంటే ట్రిపుల్ ఐటీల ఆరేళ్ల కోర్సుకు దరఖాస్తు పెట్టండి, దానికి ప్రవేశ పరీక్ష ఉండదు. ఆడపిల్ల కదా అని పాలిటెక్నిక్ మాట ఎత్తని ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. తిరుపతిలో టీటీడీ నడిపే పద్మావతి మహిళా పాలిటెక్నిక్ పూర్తిగా అమ్మాయిలదే.

*

ప్రశ్న: నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఓటీఆర్ (ఒక్కసారి చేసే రిజిస్ట్రేషన్) చేస్తుంటే ముఖం గుర్తింపు దగ్గర ఆగిపోతోంది. మా అక్కకు పోయినేడు స్కాలర్‌షిప్ మంజూరైనట్టు చూపించింది గానీ పాసుబుక్కులో పడలేదు. రెండింటికీ ఏం చేయాల?
(శ్రీకాళహస్తి విద్యార్థి)

జవాబు: రెండు చిక్కులూ ఆధార్ దగ్గరే తేలతాయి, కానీ వేర్వేరు చోట్ల.

ముఖం గుర్తింపుకు ఆండ్రాయిడ్ ఫోన్లో రెండు యాప్‌లు ఉండాలి: ఎన్‌ఎస్‌పీ ఓటీఆర్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ. రెండోది తెర మీద విడిగా కనబడకపోవచ్చు, లోపల పనిచేస్తుంది. లేదనుకుని మళ్లీ మళ్లీ ఎక్కించక్కర్లేదు. వెలుతురు ముఖం మీద పడాలి, వీపు వెనక నుంచి రాకూడదు. కళ్లద్దాలు తీసి, అడిగినప్పుడు కళ్లార్పాలి. ఇవన్నీ చేసినా కాకపోతే ఆధార్‌లో నీ ఫోటో ఎప్పటిదో చూడు. అయిదేళ్ల వయసులో ఒకసారి, పదిహేనేళ్లకు ఇంకోసారి వేలిముద్రలు, ఫోటో కొత్తగా ఇవ్వడం తప్పనిసరి. పదిహేనేళ్లది చేయించనివాళ్ల ఆధార్‌లో చిన్నప్పటి ముఖమే ఉంటుంది, కెమెరా దాన్ని నీతో పోల్చలేదు. ఆధార్ కేంద్రంలో నవీకరణ చేయించుకుని, అది పూర్తయినట్టు మెసేజ్ వచ్చాకే ఓటీఆర్ ప్రయత్నించు. వచ్చిన 14 అంకెల ఓటీఆర్ నంబర్ నోటుబుక్కులో రాసిపెట్టుకో, చదువు ముగిసేదాకా అదే.

అక్క డబ్బు విషయంలో, బ్యాంకులో ఆధార్ జిరాక్స్ ఇవ్వడం వేరు, డీబీటీకి, అంటే ప్రభుత్వ సొమ్ము నేరుగా అకౌంటులో పడటానికి, సీడింగ్ (ముడిపెట్టడం) కావడం వేరు. స్కాలర్‌షిప్ దరఖాస్తులో రాసిన అకౌంట్ నంబరును చూసి డబ్బు రాదు. ఆధార్ నంబరు ఏ బ్యాంకుతో ముడిపడి ఉందో చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ పట్టికలో చూసి అక్కడికి వెళ్తుంది. ఆ పట్టికలో ఒక ఆధార్‌కు ఒక్క బ్యాంకే, చివరగా సీడ్ అయినదే. మధ్యలో ఎప్పుడో ఆఫర్ అని ఫోన్లోనే తెరిచిన అకౌంటులో డబ్బు పడి కూర్చుని ఉండొచ్చు, అది ముందు చూడండి. మై ఆధార్ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి బ్యాంక్ సీడింగ్ స్టేటస్ నొక్కితే బ్యాంకు పేరు, యాక్టివా కాదా అన్నది కనిపిస్తుంది. ఇనాక్టివ్ అని ఉంటే మీ బ్రాంచికి వెళ్లి ‘ఆధార్ లింక్’ అని అడగకండి, లింక్ అయ్యే ఉందంటారు. ‘డీబీటీ కోసం ఎన్‌పీసీఐ సీడింగ్ చేయండి’ అని ఆ మాటలతోనే అడిగి, ఫారం మీద సంతకం పెట్టి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి.

పేరు సంగతి కూడా చూసుకోండి. పది మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక ఉంటే, సర్టిఫికెట్లు దాచుకునే ప్రభుత్వ యాప్ డిజీలాకర్‌లో మెమో రాదు, పోర్టళ్లు తిరగ్గొడతాయి. మార్చాల్సింది ఆధార్‌నే, పది మెమోకు సరిపోయేలా. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే, పుట్టిన తేదీ ఒక్కసారే మార్చనిస్తారు. అందుకే అక్షరం అక్షరం చూసి ఒకేసారి సరిచేయించండి.

*

ప్రశ్న: కాలేజీలో డిజీలాకర్ మెమో చెల్లదు, ఒరిజినల్స్ అన్నీ మా దగ్గరే ఉండాలి అంటున్నారు. నిజమేనా?
(పుత్తూరు)

జవాబు: డిజీలాకర్‌లో రెండు అరలు ఉంటాయి. బోర్డు నుంచి నేరుగా వచ్చిన ఇష్యూడ్ డాక్యుమెంట్స్ ఒకటి, మనం ఫోటో తీసి ఎక్కించుకున్నవి రెండోది. మొదటి అరలోవి చట్టప్రకారం ఒరిజినల్‌తో సమానం, 2016 నిబంధనల్లోనే ఉంది. రెండో అరలోవి జిరాక్స్ లాంటివే. వాటిని చూపించి ఉంటే కాలేజీ కాదనడంలో తప్పులేదు. టీసీ మాత్రం కాగితంగా ఇవ్వాల్సిందే. మిగతా ఒరిజినల్స్ చూసి, పోల్చుకుని తిరిగి ఇచ్చేయాలని, అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఇచ్చి రావాల్సి వస్తే ఏయే కాగితాలు ఇచ్చారో నంబర్లతో సహా రసీదు తీసుకోండి.

*

ప్రశ్న: జేఈఈతో తిరుపతి ఐఐటీలో మన జిల్లావాళ్లకు ఏమైనా కోటా ఉందా? ఐసర్‌కూ ఇదే కౌన్సెలింగా? ఫ్రీజ్, ఫ్లోట్, స్లైడ్ అంటే ఏంటి?
(తిరుపతి, ఎం.ఆర్.పల్లి)

జవాబు: ఐఐటీల్లో స్థానిక కోటా లేదు. ఏర్పేడు పక్కనే ఇల్లున్నా పోటీ దేశమంతటితో. సొంత రాష్ట్రం కోటా ఎన్ఐటీల్లో ఉంది, మనకది తాడేపల్లిగూడెం. సైన్స్ చదువులు, పరిశోధనల సంస్థ అయిన తిరుపతి ఐసర్ జోసాలోకి, అంటే ఐఐటీ, ఎన్ఐటీల ఉమ్మడి కౌన్సెలింగ్‌లోకి, రాదు. ఐఏటీ అనే విడి పరీక్ష, విడి దరఖాస్తు, విడి కౌన్సెలింగ్. జేఈఈ బాగా రాసి, ఐఏటీ గడువు దాటిపోయాక గుర్తొచ్చేవాళ్లు ఉంటారు. సైన్స్ చదవాలని ఉంటే రెండూ కట్టాలి.

సీటు వచ్చాక, ఫ్రీజ్ అంటే ‘ఇది చాలు, ఇక చూడొద్దు’. స్లైడ్ అంటే ‘ఇదే సంస్థలో నా జాబితాలో పైనున్న బ్రాంచి వస్తే మార్చండి’. ఫ్లోట్ అంటే ‘ఏ సంస్థలోనైనా పైనున్నది వస్తే మార్చండి’. ఫ్లోట్ పెట్టినంత మాత్రాన చేతిలో సీటు పోదు, మెరుగైనది వస్తేనే మారుతుంది. సీటు పోయేది వేరే కారణాలతో: ఫీజు గడువు దాటడం, అప్‌లోడ్ చేసిన సర్టిఫికెట్ మీద అధికారి వేసిన ప్రశ్నకు జవాబు ఇవ్వకపోవడం. ఆ ప్రశ్న లాగిన్‌లో కనిపిస్తుంది, కాబట్టి ఉదయం, సాయంత్రం తెరిచి చూడాలి.

*

ప్రశ్న: బీకాం అయింది. ఎన్‌సీఎస్, స్కిల్ ఇండియా, అప్రెంటిస్‌షిప్ అని ఎన్నో పోర్టళ్లు. అన్నిట్లో పేరు రాసుకుంటే ఉద్యోగం వస్తుందా?
(కుప్పం యువకుడు)

జవాబు: పేరు రాసుకున్నంత మాత్రాన ఏదీ రాదు. ఒక్కో పోర్టల్ పని ఒక్కోటి. నేషనల్ కెరీర్ సర్వీస్ (ఎన్‌సీఎస్) 2015లో మొదలైన ఉద్యోగాల సంత, ఉద్యోగార్థికి ఉచితం, సందేహాలకు 1514. స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ కోర్సులు వెతుక్కోవడానికి. స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి కేంద్రానికి వెళ్లి పరీక్ష రాయాలి. అందుకే దానికి విలువ ఎక్కువ.

నీ పరిస్థితిలో మా ఓటు అప్రెంటిస్‌షిప్‌కు. డిగ్రీ, డిప్లొమా వాళ్లకు నాట్స్ పోర్టల్. ఇది 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద నడుస్తుంది. నెలనెలా స్టైపెండ్, చివర్లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సర్టిఫికెట్ ఉంటాయి. చేరేముందు ఒక్కటి అడుగు: పోర్టల్‌లో కాంట్రాక్టు తయారైందా, దాన్ని నా లాగిన్‌లో చూడగలనా? కనబడకపోతే అది అప్రెంటిస్‌షిప్ కాదు, తక్కువ జీతానికి పని. శ్రీసిటీ, రేణిగుంట వైపు కంపెనీలు ఏజెన్సీల ద్వారా తీసుకునేటప్పుడు ఈ తేడా తప్పకుండా చూసుకోవాలి.

ప్రొఫైల్‌లో ‘బీకాం, కష్టపడి పనిచేస్తాను’ అని రాస్తే వెతికేవాళ్ల కంట పడదు. వాళ్లు వెతికేది పనుల పేర్లతో: ట్యాలీ, జీఎస్టీ రిటర్న్, ఎక్సెల్, బిల్లింగ్. వచ్చినవే రాయి, ఎంతవరకు వచ్చో రాయి. ఇంకోటి, కుప్పం వాళ్లకు తెలుగు, తమిళం, కన్నడం మూడూ నోట్లో ఆడతాయి. ఆ సంగతి రెజ్యూమెలో రాసేవాళ్లు అరుదు, పక్కనే ఉన్న బెంగళూరు, హోసూరు సంస్థలకు కావాల్సింది అదే. ఒక్క పేజీ, పీడీఎఫ్, ఫైలుకు నీ పేరు. ప్రొఫైల్‌ను పదిహేను రోజులకోసారి తెరిచి ఏదో ఒక మాట సరిచేస్తూ ఉండు, పాతబడిన ప్రొఫైళ్లు వెనకబడతాయి.

*

ప్రశ్న: ఏ కాలేజీలో ఎంత ర్యాంకుకు సీటొస్తుందో ఏఐ చాట్‌బాట్ చెప్పేస్తోంది కదా, వెబ్‌సైట్లు ఎందుకు?
(నగరి)

జవాబు: చెబుతుంది, తడుముకోకుండా చెబుతుంది, అదే దాంతో ప్రమాదం. తెలియని చోట కూడా అంకె కల్పించి ఇస్తుంది. కటాఫ్, ఫీజు, గడువు తేదీ, ఈ మూడూ దాని నోట వినొద్దు. అధికారిక పట్టికను నువ్వే దించి దానికిచ్చి, ‘బీసీ-బీ అమ్మాయిలు, ఎస్వీయూ ప్రాంతం గళ్లు మాత్రం తీసి వరుసగా పెట్టు’ అంటే బాగానే చేస్తుంది, అప్పుడూ నాలుగైదు గళ్లు కళ్లతో సరిచూడాలి. ఇంటర్వ్యూ ప్రశ్నలు తెలుగులో అడగమని, జవాబును తేలికైన ఇంగ్లీషులోకి మార్చమని అడగడానికి మాత్రం దాన్ని మించిన ఓపిక గల మాస్టారు లేడు. ఆధార్ నంబర్, హాల్ టికెట్ ఫోటో అందులో పెట్టకు.

*

ప్రశ్న: ఎయిర్‌పోర్టులో ఉద్యోగమని వాట్సాప్ మెసేజ్ వచ్చింది. 2,500 కట్టమన్నారు, ఒక యాప్ ఫైల్ కూడా పంపారు. కట్టేశాను. యాప్ కూడా ఎక్కించాను.
(రేణిగుంట)

జవాబు: ముందు ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వేరే ఫోన్ నుంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, డబ్బు పోయి ఎంత తక్కువసేపైతే అంత మంచిది. లావాదేవీ నంబరు, సమయం చేతిలో ఉంచుకోండి. బ్యాంకుకు చెప్పి యూపీఐ, కార్డు ఆపించండి. ప్లే స్టోర్ బయట నుంచి వచ్చిన ఆ ఏపీకే ఫైల్ మీ ఓటీపీ మెసేజ్‌లు చదివేస్తూ ఉండొచ్చు. దాన్ని తీసేయండి. తీయనివ్వకపోతే ఫోటోలు, ఆ మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు భద్రం చేసుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. ఆ తర్వాతే, వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. మెసేజ్‌లు చెరపకండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదుకు అవే సాక్ష్యం.